చలిలో స్టార్ట్ కాని పాత మోటార్‌సైకిల్: ఏదైనా మార్చే ముందు లోపాన్ని ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:
నా దగ్గర పాయింట్ల ఇగ్నిషన్ (స్పార్క్ కోసం కరెంటును తెరిచి మూసే చిన్న లోహపు కాంటాక్టులు ఉండే పాత పద్ధతి), కిక్ స్టార్ట్ ఉన్న 350 సీసీ సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిల్ ఉంది. ఇంజన్ వేడెక్కిన తరువాత ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, నడిపేటప్పుడు ఏ లోపమూ కనిపించదు. రాత్రంతా చలిలో నిలబడితే మాత్రం చోక్ వేసి ఎంతసేపు కొట్టినా అంటుకోదు. కొత్త ప్లగ్ వేసి, బ్యాటరీ ఛార్జ్ చేసినా ఫలితం లేదు. కాయిల్, కండెన్సర్, కార్బ్యురేటర్ అన్నీ మార్చమని కొందరు చెబుతున్నారు గాని, బండితో వచ్చిన అసలు భాగాలను వీలైనంతవరకు కాపాడుకోవాలని నా కోరిక. దేని తరువాత ఏది పరీక్షించాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
దయచేసి ఇప్పుడే ఏదీ మార్చకండి. కొన్ని కిక్కులు కొట్టి, స్టార్ట్ కాకపోతే వెంటనే ప్లగ్ విప్పి చూడండి. కొన పెట్రోల్‌తో తడిసి ఉంటే ఇంధనం అందుతోంది కాబట్టి స్పార్క్‌ను అనుమానించాలి. పొడిగా ఉంటే సిలిండర్‌లోకి చాలినంత ఇంధనం చేరడం లేదు. ఈ ఒక్క పరీక్షతో వెతుకులాట సగం తగ్గుతుంది.

పెట్రోల్ ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. లెక్క ప్రకారం ఒక వంతు పెట్రోల్ పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావాలి గాని, చల్లని ఇంజన్‌లో పెట్రోల్ కొంత ఇన్‌లెట్ గోడలకు అంటుకుని ద్రవంగానే మిగిలిపోతుంది కనుక, ఆవిరయ్యేది చాలేలా మిశ్రమాన్ని బాగా చిక్కగా పంపాలి. చోక్ ఉన్నది అందుకే. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోల్‌లో త్వరగా ఆవిరయ్యే భాగం ముందే పోతుంది. అది వేడి ఇంజన్‌లో మండినా చలిలో మొండికేస్తుంది. కాబట్టి ముందుగా ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ చేసి, తాజా పెట్రోల్ పోయండి.

ప్లగ్ తడిగా ఉంటే పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ చూడండి. ఇలాంటి బండ్లు చాలావాటిలో అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, అయినా మీ మాన్యువల్‌లోని కొలతే ప్రమాణం. స్పార్క్ చూసేటప్పుడు విప్పిన ప్లగ్‌ను సిలిండర్ రంధ్రానికి దూరంగా పెట్టండి; అక్కడి పెట్రోల్ ఆవిరి అంటుకోవచ్చు.

రెండవ సమాధానం:
పై క్రమం సరైనదే, ట్యాపెట్లను (వాల్వ్‌లను తెరిచే భాగాలు; వాటికీ వాల్వ్‌కూ మధ్య కొద్దిపాటి గ్యాప్ ఉండాలి) కూడా చేర్చండి. పుష్‌రాడ్ ఇంజన్లు (పొడవాటి కడ్డీలతో వాల్వ్‌లను తెరిచేవి) కొన్నింటిలో వేడికి సిలిండర్ సాగినప్పుడు ట్యాపెట్ గ్యాప్ పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ మరీ బిగుతుగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది, వేడెక్కాక అంతా సర్దుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇలాగే ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ట్యాపెట్లు మాన్యువల్ ప్రకారమే ఉన్నాయి. తాజా పెట్రోల్ పోసినా ప్లగ్ పొడిగానే వస్తోంది. ఫ్లోట్ బౌల్ మాత్రం నిండుగా ఉంది.

మొదటి సమాధానమిచ్చినవారు:
అయితే స్పార్క్‌కు సంబంధించిన కాయిల్, కండెన్సర్ల జోలికి వెళ్లనవసరం లేదు. బౌల్ నిండుగా ఉండి ప్లగ్ పొడిగా ఉందంటే నా అనుమానం పైలట్ జెట్ (కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్నని రంధ్రపు ఇత్తడి ముక్క) మీద. స్టార్ట్ చేసేటప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కనుక ఇంధనం ముఖ్యంగా ఆ సన్నని రంధ్రం గుండానే రావాలి. నిలవ పెట్రోల్ వదిలిన జిగురు దాన్ని కొంత మూసినా వేడి ఇంజన్ సర్దుకుపోతుంది, చల్లని ఇంజన్ సర్దుకోదు. జెట్ విప్పి కార్బ్యురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి ఒత్తిడితో ఊదండి. తీగ మాత్రం పెట్టవద్దు. ఇత్తడి మెత్తని లోహం కాబట్టి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. తిరిగి బిగించేటప్పుడు కార్బ్యురేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఉన్న గాస్కెట్ చూడండి. అక్కడ గాలి చొరబడితే చోక్ వేసినా మిశ్రమం పలచబడుతుంది.

తరువాత ఇగ్నిషన్ ఆపి, చోక్ వేసి, నెమ్మదిగా రెండు మూడు కిక్కులు తొక్కి, ఆపైన ఇగ్నిషన్ వేసి గట్టిగా ఒక్కటి కొట్టండి. ఆ సమయంలో థ్రాటిల్ తిప్పవద్దు. అది తెరిస్తే పైలట్ రంధ్రం దగ్గర పీల్పు తగ్గి పెట్రోల్ రాదు.