1930 మోడల్ ఎ: ముందు చక్రంలో ఆట, వెనక చక్రంలో టక్కు. బేరింగులన్నీ మార్చాలా?

ప్రశ్న

బండి ఫోర్డ్ మోడల్ ఎ. జాకీ మీద లేపి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తోంది, తిప్పితే గరగరమంటోంది. వెనక ఎడమ చక్రమేమో బండి కదిలేటప్పుడు ఒక్కసారి టక్కుమంటుంది. నాలుగు చక్రాలకీ బేరింగులు తెప్పించేయమంటారా? కప్పులు (బేరింగు బయటి రింగులు) హబ్‌లోంచి, అంటే చక్రం నడిమి భాగంలోంచి, ఎలా తీయాలి?

జవాబు 1

అప్పుడే ఏమీ కొనకండి. ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ఆట పోతే అది బేరింగుది, పోకపోతే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బుషింగులది.

హబ్ ఊడదీశాక డ్రమ్ములో దుమ్ము ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. బేరింగును కిరసనాయిల్లో కడిగి ఆరనివ్వండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పే సరదా మాత్రం వద్దు, రోలర్లు ఊడి మొహాన తగులుతాయి. గోటికి తగలని బూడిదరంగు మచ్చలకు భయం లేదు. గోరు ఆగే గుంట, పెచ్చు లేచిన చోటు, నీలం తిరిగిన రోలరు, వీటిలో ఏది కనిపించినా కప్పు, కోన్ (రోలర్లుండే లోపలి రింగు) రెండూ మార్చాల్సిందే. తేమలో కదలకుండా నిలబడిన బండికి కప్పు మీద రోలర్ల ఎడంలోనే తుప్పు గీతలు పడతాయి. మీ గరగర అదే కావచ్చు.

కప్పును ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఎదురు పక్క కొడుతూ దింపండి. వంకరగా వస్తే బోరు (కప్పు కూర్చునే రంధ్రం) గీసుకుపోతుంది. కొత్త కప్పు రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, హబ్‌ను 100 డిగ్రీల దాకా వేడి చేస్తే పెద్దగా కొట్టే పనుండదు. కప్పు అడుగుకు ఆనగానే దెబ్బ చప్పుడు గట్టిగా మారుతుంది. అయినా 0.05 మి.మీ. ఫీలర్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూడండి, ఎక్కడా దూరకూడదు.

జవాబు 2

పైన చెప్పినదానికి తోడు స్పిండిల్ (ముందు హబ్ తిరిగే ఇరుసు) మూల చూడండి. భుజం దగ్గర గుండ్రటి వంపు ఉంటుంది. కొత్త కోన్ లోపలి మూల అంతకన్నా పదునుగా ఉంటే అది భుజానికి ఆనకుండా వంపు మీదే కూర్చుంటుంది. బిగించినప్పుడు బాగానే ఉంటుంది, కాస్త తిరిగాక మళ్లీ లూజు. బోరు, వెడల్పు కలిశాయి కదా అని తెచ్చిన బేరింగులతో వచ్చే తంటా ఇదే. పగుళ్లు మొదలయ్యేదీ ఆ వంపు దగ్గరే, డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే రంగు) వేసి చూడండి.

కోన్ స్పిండిల్ మీద జారే ఫిట్టే, తప్పు కాదు. కప్పు హబ్‌లో తిరిగితే మాత్రం తప్పే. బోరులో పంచ్ చుక్కలు కొట్టి బిగించడం నాలుగు రోజుల ముచ్చట, బోరులో స్లీవ్ (లోహపు గొట్టం) వేయించండి.

బిగింపు: చక్రం తిప్పుతూ నట్టును 20–25 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, వదులు చేసి, వేళ్లతో మళ్లీ బిగించండి. కాటర్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్ను) రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పండి. డయల్ గేజి మీద 0.025 నుంచి 0.125 మి.మీ. ఆట ఉండాలి. గ్రీజు ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనం గ్రేడు) లిథియం కాంప్లెక్స్ చాలు, పాతదంతా కడిగేశాకే. హబ్ నిండా కూరితే వేడికి కరిగి డ్రమ్ములోకి కారుతుంది.

జవాబు 3

వెనక టక్కుకు ముందుగా అనుమానించాల్సింది బేరింగును కాదు, యాక్సిల్ టేపర్‌ను, అంటే హబ్ ఎక్కి కూర్చునే యాక్సిల్ కొస సన్నబడే భాగాన్ని. లాగే బలం మోయాల్సింది టేపర్ పట్టు. నట్టు లూజయితే భారమంతా కీ (హబ్, యాక్సిల్ మధ్య గాడిలో ఉండే చిన్న ఇనుప ముక్క) మీద పడి, అది నలిగి, చివరికి తెగుతుంది. హబ్‌ను లాగే పుల్లర్‌తోనే తీయండి. యాక్సిల్ కొసకు తొడిగి సుత్తితో కొట్టే రకం వద్దు, దెబ్బ నేరుగా డిఫరెన్షియల్‌కు పోతుంది. టేపర్‌కు ప్రష్యన్ బ్లూ (అంటిన చోటు చూపే నీలి రంగు) పల్చగా రాసి హబ్ తొడిగి తీస్తే పట్టు ఎక్కడుందో తెలుస్తుంది. ముప్పాతిక భాగమైనా అంటకపోతే కీ తీసేసి వాల్వ్ గ్రైండింగ్ పేస్టుతో రుద్దండి.

ఈ బండికి వెనక రోలర్లు బయటివైపు హబ్ బోరులోనే, లోపలివైపు హౌసింగ్ కొస మీదే తిరుగుతాయి. ఆ రెండూ గుంటలు పడితే కొత్త బేరింగు వేసినా దండగే.

అడిగినవారు

టేపర్‌కు కొద్దిగా గ్రీజు రాయొచ్చా అండీ, మళ్లీ తేలిగ్గా ఊడి వచ్చేలా?

జవాబు 3

వద్దండీ. రెండు వైపులా పొడిగా తుడిచి తొడగండి. నట్టు కనీసం 100 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 135 న్యూటన్ మీటర్లు. ఇక్కడ పిన్ రంధ్రం కలవకపోతే ముందుకే బిగించాలి, ముందు చక్రంలా వెనక్కి తిప్పకూడదు. కొన్ని కిలోమీటర్లు నడిపాక పిన్ తీసి మళ్లీ టార్క్ చూడండి, టేపర్ కాస్త లోపలికి కూర్చుని ఉంటుంది.