యూజర్లు సైటును బహిష్కరిస్తే దాన్ని సమ్మె అనవచ్చా?

నైట్‌షిఫ్ట్:
2023 జూన్ 12న రెడ్డిట్ అనే చర్చల సైటులో 8,000కు పైగా సబ్‌రెడ్డిట్లు, అంటే ఒక్కో అంశానికి ఉండే చర్చావేదికలు, మూతపడ్డాయి. సైటులోని సమాచారం అందుకోవడానికి బయటి యాప్‌లు వాడే ఏపీఐ అనే మార్గానికి భారీగా డబ్బు కట్టాలని కంపెనీ అనడమే కారణం. తనకు ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు అవుతుందని రెడ్డిట్ చూడటానికి వాడే అపోలో యాప్ తయారీదారు లెక్క చెప్పాడు. ఆ మూసివేతను చాలామంది సమ్మె అన్నారు. ఒప్పుకుంటారా?

డిపో గేటు:
ఒప్పుకోనండి. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేల మంది 52 రోజులు సమ్మె చేశారు. గడువులోగా డ్యూటీకి రాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. జీతాల్లేక ఇళ్లు గడవలేదు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. రెండు రోజులు ఒక సైటు తెరవకపోవడాన్నీ అదే మాటతో పిలుస్తామా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే దాన్ని ఉద్యమం అన్నారు, సమ్మె అనలేదు. దాని విలువేమైనా తగ్గిందా? బహిష్కరణ అనండి, సరిపోతుంది.

అరుగు మీద:
డిపో గేటు గారూ, చదివేవాళ్ల సంగతిలో మీరన్నదే నిజం. సరుకు వద్దనుకున్న కొనుగోలుదారు సమ్మె చేసినట్టు కాదు. కానీ ఆ రోజు తలుపులు మూసింది చదివేవాళ్లు కాదు, మోడరేటర్లు. స్పామ్ తీసేయడం, బూతులు తుడవడం, గొడవలు సర్దడం అంతా వాళ్ల పనే. పైసా జీతం లేదు. ఆ పని ఆగితే సైటులో మనిషి నిలబడలేడు, ప్రకటనలూ రావు. యజమాని ఆధారపడే పనిని అందరూ కలిసి, ఒక డిమాండు కోసం ఆపితే అది సమ్మే. జీతం లేనంత మాత్రాన అది పని కాకుండా పోదు కదా.

1999లో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద దాని పాత వాలంటీర్లే కోర్టుకెక్కారు. చాట్ రూములు చూసుకున్న తమకు కనీస వేతనం రావాలన్నారు. 2010లో కంపెనీ 1.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. కోర్టు తీర్పు కాదు, నిజమే. అయినా ఊరికే అంత డబ్బు ఎవరిస్తారు?

ఇంకా స్పష్టమైనది ప్రశ్నలు-జవాబుల సైట్లు నడిపే స్టాక్ ఎక్స్చేంజ్ సంగతి. అదే 2023 జూన్‌లో, ఏఐ రాసినట్టున్న జవాబులను తీసేయకుండా కంపెనీ తమ చేతులు కట్టేసిందని మోడరేటర్లు పని ఆపారు. ప్రతినిధులను పెట్టుకుని చర్చలకు కూర్చున్నారు. ఏ ఆధారాలుంటే అలాంటి జవాబును తీసేయవచ్చో కంపెనీతో తేల్చుకుని, ఆగస్టులో విరమించారు. డిమాండు, పని నిలిపివేత, చర్చలు, ఒప్పందం... ఇంకేం తక్కువైంది?

నైట్‌షిఫ్ట్:
చట్టం సంగతి? 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిశ్రమలో పనిచేసేవాళ్లు కలిసి పని ఆపితేనే సమ్మె అయ్యేది.

అరుగు మీద:
ఆ నిర్వచనం ఎవరికి రక్షణ ఇవ్వాలో చెప్పడానికి రాసుకున్నది. రక్షణ లేనివాళ్లు పని ఆపలేదని దానర్థం కాదు.

డిపో గేటు:
స్టాక్ ఎక్స్చేంజ్ వరకు ఒప్పుకుంటాను. రెడ్డిట్‌ది మాత్రం కాదు. 48 గంటలేనని ముందే చెప్పేశారు. ఇదీ సద్దుమణుగుతుందని సీఈఓ స్టీవ్ హఫ్‌మన్ ఉద్యోగులకు రాసేశాడు. ధర తగ్గలేదు, జూన్ 30న అపోలో మూతపడింది.

అరుగు మీద:
ఓడిపోతే సమ్మె కాకుండా పోతుందా అండీ? మీరన్న ఆర్టీసీ కార్మికులు కూడా ప్రభుత్వంలో విలీనం అనే ప్రధాన డిమాండు నెరవేరకుండానే విరమించారు. గడువు ముందే చెప్పడం అంటారా, 2021 డిసెంబరు 16, 17 తేదీల్లో బ్యాంకు ఉద్యోగులు చేసినదీ రెండు రోజులే, అదీ ముందుగా నోటీసిచ్చి. పైగా రెడ్డిట్‌లో గడువు దాటాక కూడా తెరవని మోడరేటర్లను తీసేస్తామని కంపెనీ బెదిరించింది. పనివాళ్లతో కాకపోతే ఎవరితో మాట్లాడతారు అలా?