‘బలంబులు రెండును గెల్వనేర్చునే’: ముందు ఆ ‘రా’ ఏమిటి? ‘నేర్చు’ అంటే గలుగుటేనా?

అరసున్న (హలసూరు)
కేంబ్రియన్ పెట్రోల్ మీద చిన్న వ్యాసం తెలుగులో తయారవుతోంది. వేల్స్ కొండల్లో దేశదేశాల సైనిక జట్లు చేసే గస్తీ పోటీ అది. ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడారని అర్థం కాదక్కడ. ఆ వాక్యం దగ్గర విరాటపర్వంలో భీష్ముడి మాట అడ్డం పడింది: ‘పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే’, అంటే పోరాడిన రెండు సేనలూ గెలవగలవా అని. దీని ముందున్నది ‘రాలచ్చికినై’యా, ‘రాజ్యలచ్చికినై’యా?

గణవిభజన
రాజ్యలచ్చికి చోటెక్కడిదండీ? ఉత్పలమాల. ‘వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగరాదు రా / లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే’. ప్రాస చ్చ, రెండో పాదంలో యతి ల–లం. పాదం ‘ల’తోనే మొదలవ్వాలి. పైన మిగిలింది ఒక్క గురువు, అదే ‘రా’.

జాలహళ్లి
నాటకాల్లో ఆ ‘రా’ దగ్గరే రాగం తీసి ఆపేస్తారు. భీష్ముడు దుర్యోధనుణ్ణి ‘గెల్తుమనరాదు, రా!’ అన్నట్టు వినిపిస్తుంది. తాత మనవణ్ణి అనడంలో తప్పేముంది?

గణవిభజన
సేనల నడుమ రాజును ‘రా’ అనే భీష్ముణ్ణి తిక్కన రాయలేదు స్వామీ.

మాగాయ
రాకొమరుడులో ‘రా’ రాజు. రాచిలుకలో ‘రా’ మేలైనది. కాబట్టి రాలచ్చి అంటే రాజ్యలక్ష్మే కానక్కర్లేదు, మేలైన సిరి అనీ చెప్పొచ్చు. పట్టుబట్టను.

గణవిభజన
పట్టుబట్టకపోవడమే మంచిది. గొడవంతా రాజ్యం కోసం.

సాపర్ వీధి
రా సంగతి అలా ఉంచండి. ఆ పద్యం కేంబ్రియన్‌కు అతకదు. 1959లో వేల్స్ టెరిటోరియల్ (పార్ట్‌టైమ్) సైనికులు వారాంతపు శిక్షణగా మొదలుపెట్టారు, నడక, చివర తుపాకి గురి. ఇప్పుడు జట్టుకు 8 మంది, దాదాపు 60 కిలోమీటర్లు, 48 గంటల లోపు. మొదటి స్థానం, రెండో స్థానం అన్నవే లేవు. మార్కులు 75 శాతం దాటితే స్వర్ణం, 65 దాటితే రజతం, 55 దాటితే కాంస్యం, ఆ కింద ముగించినవాళ్లకు ధ్రువపత్రం. పది జట్లు 75 దాటితే పదింటికీ స్వర్ణమే. 2021లో మన 4/5 గోర్ఖా రైఫిల్స్‌కు వచ్చింది అలాంటి స్వర్ణమే. అంటే రెండు బలాలూ గెలవనేర్చును!

మార్కులు పోయేది నడకలోనే అనుకుంటారు. బయల్దేరకముందే సామాన్ల తనిఖీ ఉంటుంది, జాబితాలో ఉన్నది మూటలో లేకపోతే కోతే. తరవాత నాయకుడు పై ఆజ్ఞలు విని, మట్టీ రాళ్లూ తాళ్లతో నేల నమూనా కట్టి తనవాళ్లకు వివరించాలి. ఎనిమిదో మనిషికి పని అర్థం కాకపోతే అది రాత్రి కొండ మీద బయటపడుతుంది. పొగమంచులో దారులు కనపడవు, పటంలోని ఎత్తుగీతలు చదవాలి, అడుగులు లెక్కపెట్టాలి. వాగు దాటేటప్పుడు మూటలకు నీరు చొరకుండా కట్టకపోతే పొడి మేజోళ్లు తడుస్తాయి, మర్నాటికి అరికాళ్లు బొబ్బలు. గాయపడినవాడికి చికిత్స, శత్రువు మీద నిఘా, అన్నీ దారిలోనే. ఆఖర్న చూసి వచ్చిందంతా అప్పజెప్పాలి. నిద్రలేని బుర్రను నమ్ముకుని అక్కడికక్కడ రాసుకోనివాడు అప్పుడు దొరికిపోతాడు.

అరసున్న
అయితే దీన్ని ‘పోటీ’ అనొచ్చా? వాళ్లు ‘ఎక్సర్‌సైజ్’ అంటారు.

మాగాయ
పత్రికల్లో ‘విన్యాసం’. బెంగళూరు గోడల మీద ‘స్పర్ధె’. కన్నడంలో అది హాయిగా పోటీ, మన దగ్గర ‘మనస్పర్ధ’లో చిక్కుకుని చెడిపోయింది. తిక్కనగారి ‘తొడరుట’ ఉందిగా, మూడో పాదంలో: ‘హెచ్చగుఁ గుందగుం దొడరు టెల్ల విధంబుల కోర్చు టట్లు గా’. పైచేయీ కావచ్చు, కిందచేయీ కావచ్చు, తొడరడమంటే దేనికైనా ఓర్చుకోవడం. వేల్స్ వానకు ఇంతకంటే మాట దొరకదు.

గణవిభజన
అక్కడ యతి హె–ఎ, ‘తొడరుట + ఎల్ల’ సంధిలోని అచ్చుకు. ఎవరూ అడగలేదు, చెప్పాలనిపించింది.

జాలహళ్లి
అసలు ముడి ‘నేర్చు’లో ఉంది. గెల్వనేర్చు అంటే గెలవగలుగు అని అందరూ దాటేస్తారు. నేర్పు కూడా అందులోంచే కదా. ‘గెలిచే నేర్పు రెండింటికీ ఉంటుందా’ అని నా పాఠం. ‘నైపుణ్య పోటీలు’ మానేసి ‘నేర్పుల పోటీ’ అనండి.

గణవిభజన
క్రియ వెనక ‘నేర్చు’ శక్త్యర్థకం, ‘గలుగు’ అనే. నేర్పు మీ ఊహ.

జాలహళ్లి
ఊహే. కానీ శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది సార్, నేర్వకుండా?

సాపర్ వీధి
‘రెండును’ అనగానే 2017లో రష్యాలోని అలబినోలో జరిగిన ట్యాంక్ బయాథ్లాన్, ట్యాంకుల పరుగూ గురీ పోటీ, గుర్తొస్తోంది. అది పక్కా గెలుపోటముల ఆట, గురి తప్పితే అదనపు చుట్టు తిరగాలి. మనవాళ్లు టీ-90 ట్యాంకులు రెండు తీసుకెళ్లారు. ఒకదానికి ఫ్యాన్ బెల్టు, రిజర్వుదానికి ఆయిల్ కారడం అని పత్రికలు రాశాయి. బలంబులు రెండును నిలిచిపోయె. గురి ఎంత ఉన్నా బెల్టు అడుగుతుంది ముందు.

మాగాయ
అలాంటి రోజున చదవాల్సింది ‘సింగం బాఁకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి’. అర్జునుడు వస్తుంటే ద్రోణుడి మాట. ఆకలి, గుహ, చేట్పాటు, మూడూ పేర్చాకే సింహాన్ని కదిలిస్తాడు. ‘చేట్పాటు’ను, ఆ చేటుపాలైన దుర్దశను, వట్టి ‘కష్టం’ అని తిప్పితే నా ప్రాణం ఉసూరుమంటుంది.

అరసున్న
అందరికీ నమస్కారం. పోటీయా, తొడరుటా, నేర్పా? రేపటికి ఒక మాట కావాలి. ఒకటి మాత్రం అర్థమైంది, ‘ఫల్గుణుఁడు’ అని టైపు చేసి పెట్టుకున్నా, అందరూ ‘న’ రాస్తున్నారు.

గణవిభజన
ఫల్గునీ నక్షత్రం. రేఫ లేదు, షకారం లేదు, ణత్వం, ‘న’ ‘ణ’ కావడం, ఎలా వస్తుంది? ‘ఫాల్గునే గగనే ఫేనే ణత్వమిచ్ఛంతి బర్బరాః’, ఈ మాటల్లో ‘ణ’ కోరేవాళ్లు బర్బరులట.

జాలహళ్లి
మా వంటింటి క్యాలెండర్లో ‘ఫాల్గుణం’ అనే ఉంది. బర్బరులకు ఈ ఏడాది ఉగాది ఉంటుందా సార్?