1500 మీటర్ల ఈత మధ్యలో ఏకాగ్రత చెదరకుండా ఎలా?

నేను రాష్ట్రస్థాయి పోటీలకు సిద్ధమవుతున్న ఈతగాడిని. నా ప్రధాన విభాగం 1500 మీటర్ల ఫ్రీస్టైల్. 50 మీటర్ల కొలనులో 30 లెంగ్త్‌లు సాగే ఈ పోటీలో మొదటి 500 మీటర్లు అనుకున్న వేగంతోనే ఈదుతున్నా, ఆ తరువాత దాదాపు 1100 మీటర్ల వరకు మనసు చెదిరి, స్ట్రోకుల లయ తప్పి, మలుపుల దగ్గర గోడను తన్నే బలం కూడా తగ్గిపోతోంది. చివరి 100 మీటర్లలో మళ్లీ వేగం పుంజుకోగలుగుతున్నాను కాబట్టి, ఇది అలసట కన్నా ఏకాగ్రతకు సంబంధించిన సమస్యేనని మా కోచ్ గారి అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తోంది. పైగా కొన్ని నెలలుగా టైమింగ్ మెరుగుపడకపోవడంతో తెల్లవారుజామున కొలనుకు వెళ్లాలన్న ఉత్సాహం సన్నగిల్లుతోంది.

దూరపు ఈతలో అనుభవమున్నవారు ఆ మధ్య భాగాన్ని 100 మీటర్ల చొప్పున విడగొట్టుకుని ఈదుతారా, స్ట్రోకులు లెక్కపెట్టుకుంటారా, లేక శ్వాస మీదే ధ్యాస ఉంచుతారా? టైమింగ్ కదలని కాలంలో సాధనపై ఆసక్తిని ఎలా నిలుపుకున్నారో కూడా దయచేసి వివరంగా తెలియజేయగలరు.