‘ప్రమేయం’ లేని ప్రమేయం

మా అన్న కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం, దేవరకొండలో, తెలుగు మీడియం. ఆదివారం లెక్కల పుస్తకం ముందేసుకుని, “చిన్నాయనా, ‘నా ప్రమేయం లేదు’ అంటే నాకు సంబంధం లేదనే కదా, మరి లెక్కల్ల ఫంక్షన్‌ను ప్రమేయం అంటరెందుకు?” అన్నాడు. ఎక్స్ ఎంతో తెలిస్తేనే ఎఫ్ విలువ తేలుతుంది, అంటే ఎక్స్ ప్రమేయం ఉన్నట్టే కదా అని తప్పించుకున్నాను. వెంటనే ‘ఎఫ్ ఆఫ్ ఎక్స్ = 5’ రాసి చూపించాడు. “దీంట్ల ఎక్స్ ప్రమేయం ఏదీ?” పుస్తకమేమో దాన్ని స్థిర ప్రమేయం అంటోంది. పెద్దలు ఎవరైనా చెప్పండి.

వనపర్తి నుంచి, రిటైరైన లెక్కల సారు: పిల్లవాడు గట్టివాడే. సంస్కృతంలో ‘మా’ ధాతువుకు కొలవడమని అర్థం. ప్రమేయమంటే కొలవదగినది, తెలుసుకోదగినది. న్యాయదర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం, చెప్పే 16 పదార్థాల్లో ప్రమాణం (తెలుసుకునే సాధనం) మొదటిది, ప్రమేయం రెండోది. విష్ణుసహస్రనామంలో ‘అప్రమేయో హృషీకేశః’ రోజూ చదివేదే, అప్రమేయుడంటే కొలతకు అందనివాడు. హిందీ పుస్తకాల్లో ప్రమేయ్ అంటే సిద్ధాంతం, ఫంక్షన్‌కు వాళ్ల మాట ఫలన్. ఇక 5 సంగతి. ఒక్కో ఎక్స్‌కు ఒక్కటే విలువ రావాలన్నది నియమం. అందరికీ 5 ఇచ్చినా నియమం తప్పలేదు. ఒకే ఎక్స్‌కు రెండు విలువలొస్తే అది ఉత్త సంబంధం, ప్రమేయం కాదు.

నల్లగొండ నుంచి ఒక అక్క: సారూ, ఇంత శాస్త్రం ఎందుకు, అష్టాచెమ్మా చాలదా? నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిల పడ్డాయన్నదే ఎక్స్. ఒకటికి 1, రెండుకు 2, మూడుకు 3, నాలుగుకు 4 చెమ్మా. ఒక్కటీ పడకపోతే 8, అష్టా! ప్రదేశంలో, అంటే ఎక్స్ తీసుకునే విలువల్లో, 0 నుంచి 4 దాకా ఉంటే, వ్యాప్తిలో, అంటే వచ్చే విలువల్లో, 1, 2, 3, 4, 8. ఎఫ్ ఆఫ్ సున్నా సున్నానే అనుకునే పిల్లలకు ఇది మంచి మందు. సంభావ్యత కూడా ఇందులోనే ఉంది. నాలుగు గవ్వలు పడే తీర్లు 16. వాటిలో రెండు వచ్చేవి 6, అష్టా వచ్చేది ఒక్కటే.

వనపర్తి సారు: అమ్మా, గవ్వ నాణెం కాదు. బొమ్మా బొరుసులా రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరు చెప్పారు? ఆ 16 తీర్లూ సమసంభవాలు, అంటే పడే అవకాశం అన్నిటికీ సమానం, కాకపోతే 1/16 అనడం కుదరదు. వేసి చూసి లెక్క రాసుకోవాల్సిందే.

అక్క: అది నిజమే సారూ. మా నాయనమ్మకు మాత్రం అడిగినప్పుడల్లా అష్టా పడేది, ఆమె గవ్వలమీద నాకు ఇప్పటికీ అనుమానమే.

మళ్లీ నేను: మావాడికి ఇదంతా చదివి వినిపించాను. వంద సార్లు వేసి నోట్‌బుక్‌లో రాస్తాడట. ఇంట్లో గవ్వలు లేవు. ఇద్దరం అరుగు మీద కూర్చుని చింతగింజలు ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తున్నాం.