యాకోబు అని పేరు పెట్టకూడదా? "మోసగాడు" అని అర్థమట

కొత్తనాన్న_ఏలూరు:
అందరికీ వందనాలు. మాకు ఈమధ్యే బాబు పుట్టాడు. మా తాత పేరు యాకోబు, ఆయన పేరే పెట్టాలని నాన్న పట్టు. చర్చిలో బాబుని దేవునికి అప్పగించే శిశు ప్రతిష్ఠ గురించి మాట్లాడదామని వెళ్తే పాస్టరు అయ్యగారు "హెబ్రీలో యాకోబు అంటే మోసగాడు, తెలిసి తెలిసి ఆ పేరు పెడతారా, ఇశ్రాయేలు అని పెట్టండి, అప్పుడు ప్రార్థన చేస్తా" అన్నారు. అప్పట్నుంచి మా ఆవిడకి భయం పట్టుకుంది. నాన్నేమో "అయితే మా నాన్న మోసగాడా" అని చర్చికి రావడమే మానేశాడు. నిజంగా అర్థం అదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సీయోను_బాటసారి:
అయ్యగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ బ్రదర్. ఆదికాండము 27:36 తీయండి, యాకోబు సొంత అన్న ఏశావే అంటాడు వాడికి యాకోబు అనే పేరు సరిగ్గానే పెట్టారు, నన్ను రెండుసార్లు మోసం చేశాడు అని. యిర్మీయా 9:4 లో తోడబుట్టినవాణ్ణి కూడా నమ్మొద్దు మోసం చేస్తాడు అని ప్రవక్త చెప్పేచోట హెబ్రీలో ఉన్నది "ఆకోవ్ యాకోవ్", సరిగ్గా ఇదే మాట. బైబిల్లో పేరంటే ఊరికే పిలుచుకోడానికి కాదు. 1 సమూయేలు 25:25 లో అబీగయీలు సొంత మొగుడి గురించే నాబాలు అంటే మూర్ఖుడు, పేరెలాంటిదో మనిషీ అలాంటివాడే అని చెప్పేసింది. అబ్రాముని దేవుడు అబ్రాహాము చేశాడు, హోషేయని మోషే యెహోషువ అని పిలిచాడు. పేరుకి విలువ లేకపోతే ఎందుకు మార్చినట్టు?

వైజాగ్_పీటర్:
మా వీధిలో ఇశ్రాయేలు అని ఒకడుండేవాడు, చీటీల డబ్బులన్నీ ఎత్తుకుని పరారీ 😂

పాత_సంపుటి:
కొత్తనాన్న గారూ, ఏశావు కోపంలో తిట్టిన తిట్టుని డిక్షనరీ చేసేస్తే ఎలా అండీ. పేరు ఎందుకు పెట్టారో ఆదికాండము 25:26 లోనే ఉంది, అన్న మడిమ పట్టుకుని పుట్టాడు, హెబ్రీలో మడిమ అంటే "ఆకేవ్", అందుకని యాకోబు. తర్వాత ఏశావు ఆ శబ్దాన్నే మోసం వైపు తిప్పాడు. బైబిల్లో పేర్లకి చెప్పే కారణాలు చాలావరకు ఇలా శబ్దం కలిపి ఆడే ఆటలే. నోవహు పేరుకి అసలు దగ్గరి మాట నెమ్మదికి సంబంధించింది, కానీ 5:29 లో ఆయన తండ్రి లెమెకు ఓదార్పు అనే వేరే క్రియతో కలుపుతాడు. హన్నా "యెహోవాని అడిగి కన్నాను" అని సమూయేలు అని పెట్టింది, కానీ అడగడం అనే క్రియ సరిగ్గా కుదిరేది సౌలు పేరుకి. చదువుకున్నవాళ్ళు చాలామంది యాకోబు అనేది "దేవుడు కాపాడుగాక" అనే పాతకాలపు పేరుకి పొట్టి రూపం అంటారు. బయటినుంచి వచ్చిన హిక్సోసులు ఈజిప్టుని ఏలిన రోజుల నాటి స్కారబ్ (పేడపురుగు ఆకారపు) ముద్రల మీద యాకుబ్-హర్ అనే పాలకుడి పేరుంది. ఏ రాజైనా నేను మోసగాణ్ణి అని ముద్ర కొట్టించుకుంటాడా?

ఇంకోటి. దేవుడు యాకోబు పేరు ఇశ్రాయేలు అని మార్చిన తర్వాత కూడా ఆదికాండము 46:2 లో ఆయనే "యాకోబూ, యాకోబూ" అనే పిలిచాడు. అబ్రాముకి అలా జరగలేదు, మార్చాక మళ్ళీ అబ్రాము అని పిలవలేదు. అసలు పెద్ద విషయం, మత్తయి 13:55 లో యేసు ప్రభువు తమ్ముడి పేరేంటి? యాకోబు. మరియమ్మ, యోసేపు కొడుక్కి పెట్టుకున్న పేరు ఏలూరులో పిల్లాడికి పెడితే తప్పొచ్చిందా?

ఆర్‌సీఎం_కిరణ్:
మా రోమన్ కేథలిక్కుల లెక్కలో ఆ యాకోబు ప్రభువుకి తమ్ముడు కాదు, దగ్గరి బంధువు.

పాత_సంపుటి:
@ఆర్‌సీఎం_కిరణ్ సరే, బంధువే అనుకుందాం. పేరు యాకోబేగా.

ఆర్‌సీఎం_కిరణ్:
అది వేరే టాపిక్, కానీ తమ్ముడు అని రాయొద్దు.

సీయోను_బాటసారి:
యిర్మీయా 9:4 సంగతి చెప్పకుండా ముద్రలూ రాజులూ అంటారేంటి. ఈజిప్టులో ఏ అన్యుడికి ఏ పేరుంటే మనకెందుకు. వాక్యంలో ఉన్నదే అర్థం. శబ్దాల ఆట అట! పరిశుద్ధాత్మ ప్రేరణతో రాయించిన మాటని ఆట అంటారా?

పాత_సంపుటి:
ఆట అంటే అబద్ధం అని కాదండీ. 1 దినవృత్తాంతములు 4:9 చూడండి, యబ్బేజు తల్లి వేదనతో కన్నానని ఆ పేరు పెట్టింది, మరి వాడు అన్నదమ్ములందరికంటే ఘనత పొందాడు. పేరే తలరాత అయితే ఆ కథే నడవదు. మనలో లేదా? పిల్లలు దక్కక పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవాళ్ళు, ఆ పెంటయ్యలే ఊరికి పెద్దమనుషులయ్యారు. అసలు పౌలుతో తిరిగినవాళ్ళ పేర్లు చూడండి. అపొల్లో పేరు గ్రీకు దేవుడిది. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత ఉంది. పాత నిబంధనలో ఎస్తేరు కథలోని మొర్దెకై పేరులోనూ బబులోను దేవుడు మర్దూకు ఉన్నాడు. పౌలు అపొల్లోని గానీ ఎపఫ్రొదితుని గానీ పేరు మార్చుకోమన్లేదు.

సీయోను_బాటసారి:
ఓహో, అక్కడికొచ్చారన్నమాట. అంటే మార్చుకున్నవాళ్ళందరూ వెర్రివాళ్ళు.

పాత_సంపుటి:
నేను అలా అన్లేదు.

సీయోను_బాటసారి:
అన్నారు. అందరూ చదివారు. నా పేరు వెంకటేశ్వర్లు, మా ఇంటి దేవుడి పేరు. బాప్తిస్మం రోజు ఏలీయా అని పెట్టించుకున్నాను, యెహోవాయే నా దేవుడు అని అర్థం. మా నాన్న పోయేదాకా ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు, ఆయన పాత పేరుతో పిలిస్తే నేను పలికేవాణ్ణి కాదు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులం "ఒరేయ్", "ఇదిగో" అనుకుంటూ బతికాం. అన్నం పెట్టడానికి మా అమ్మ మధ్యలో కబురు మోసేది. ఇప్పుడు నువ్వొచ్చి అపొల్లో మార్చుకోలేదు, నువ్వూ మార్చుకోనక్కర్లేదు అంటే మా ఇంట్లో జరిగిందంతా దేనికోసం? చెప్పు. పుస్తకాలు చదివినోడివి కదా చెప్పు.

వైజాగ్_పీటర్:
అన్నా కూల్

పాత_సంపుటి:
మీ బాధ కాదన్ను. కానీ ఒకటి ఆలోచించండి. మీ పేరు మీరు మార్చుకున్నారు, పెద్దవాళ్ళయ్యాక, మీ ఇష్టంతో. ఇక్కడ పసివాడి పేరు ఇంకెవరో మారుస్తున్నారు, మార్చకపోతే ప్రార్థన చెయ్యను అంటున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. మా చెల్లికి మంచి సంబంధం వస్తే, అబ్బాయి బాప్తిస్మం తీసుకున్నవాడే, సర్టిఫికెట్లలో పేరు కృష్ణ అని ఉంది. శుభలేఖలో ఆ పేరుంటే పెళ్ళి చెయ్యనన్నారు అక్కడి అయ్యగారు. అబ్బాయి వాళ్ళ అమ్మ పెట్టిన పేరు తీసెయ్యనన్నాడు. సంబంధం పోయింది. ఆ అయ్యగారికి హెబ్రీలో ఒక్క అక్షరం రాదు, కానీ ప్రతి పేరుకీ ఒక అర్థం చెప్పేవాడు.

సీయోను_బాటసారి:
దైవజనుణ్ణి తిట్టడానికే ఇదంతా అని ముందే అనుకున్నా.

రూతమ్మ_గుంటూరు:
తమ్ముళ్ళూ కాస్త ఆగండి. ఆదికాండము 29, 30 అధ్యాయాలు చదివారా ఎవరైనా? రూబేను, షిమ్యోను, నఫ్తాలి, గాదు, ఆషేరు, ఈ పేర్లన్నీ పెట్టింది లేయా, రాహేలు. రాహేలు ప్రాణం పోతూ బెనోని అని పెడితే బెన్యామీను అని మార్చింది పిల్లాడి తండ్రి, యాజకుడు కాదు. లూకా 1 లో అయితే అచ్చం మన ఇళ్ళల్లో గొడవే. చుట్టాలంతా జెకర్యా అని తండ్రి పేరు పెట్టబోతే ఎలీసబెతు వద్దు, యోహాను అంది. మీ వాళ్ళల్లో ఈ పేరు ఎవరికీ లేదే అని వాళ్ళు వినకుండా మూగగా ఉన్న తండ్రిని సైగలు చేసి అడిగారు, ఆయనా పలక మీద అదే రాశాడు. ఇక్కడ తాత పేరంటూ నాన్న, అర్థమంటూ అయ్యగారు, మధ్యలో మీరిద్దరూ. బాబు వాళ్ళ అమ్మకి భయం పట్టుకుంది అని మాత్రమే రాశావు కొత్తనాన్నా, ఆ పిల్లకి ఏ పేరు ఇష్టమో రాయలేదే?

కొత్తనాన్న_ఏలూరు:
అడిగాను అక్కా. "నాకు యాకోబు నచ్చకపోవడం కాదు, రేపు వాడికి జ్వరమొచ్చినా పేరు వల్లే అంటారని భయం" అంది. మత్తయి 13:55 చూపించాను, కొంచెం తేరుకుంది. ఆర్‌సీఎం వాళ్ళ మాట మాత్రం చెప్పలేదు 😅 బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా ఎక్కించొచ్చట, కాబట్టి తొందర లేదు. ఆదివారం నాన్నని తీసుకెళ్ళి అయ్యగారితో మళ్ళీ మాట్లాడతా. ఒప్పుకోకపోతే ప్రతిష్ఠ మా అత్తగారి ఊళ్ళో చేయించుకుంటాం, పేరు మాత్రం యాకోబే.

సీయోను_బాటసారి:
మీ ఇష్టం బ్రదర్, నేనూ ప్రార్థన చేస్తా బాబు కోసం. కానీ యిర్మీయా 9:4 కి ఇప్పటిదాకా ఒక్కరూ జవాబు చెప్పలేదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.