ఎమ్మెస్సీ తరువాత బయోమెడికల్ పరిశోధన: చిన్న డిసర్టేషన్‌తో పీహెచ్‌డీకి వెళ్లవచ్చా?

ప్రశ్న – ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థిని, కాకినాడ

అందరికీ నమస్కారం. నేను చివరి సెమిస్టరులో ఉన్నాను. మధుమేహంతో మా తాతయ్యకు చూపు తగ్గిపోవడం దగ్గరుండి చూసినప్పటి నుంచి, రక్తంలో చక్కెర పెరిగితే రెటీనాలోని సన్నని రక్తనాళాలే ఎందుకు అంతగా దెబ్బతింటాయన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. పీహెచ్‌డీ ఆ విషయంలోనే చేయాలని ఉంది. అయితే మా కళాశాలలో సెల్ కల్చర్ (జీవకణాలను ప్రయోగశాలలో పెంచడం) సౌకర్యం లేదు. మెంతుల ఎక్స్‌ట్రాక్ట్ పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమును ఎంతవరకు అడ్డుకుంటుందో డీఎన్‌ఎస్ఏ పద్ధతిలో (చక్కెరతో కలిసి రంగు మారే రసాయనంతో) కొలవడమే నా డిసర్టేషన్. ఇంత చిన్న పనితో హైదరాబాదులోని పెద్ద సంస్థలకు దరఖాస్తు చేయవచ్చా? నెట్ (పరిశోధనా ఫెలోషిప్ కోసం రాసే జాతీయ అర్హత పరీక్ష) రాకపోతే ఏడాది వృథా అవుతుందని ఇంట్లో భయపడుతున్నారు.

సమాధానం – పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం, హైదరాబాదు

తప్పకుండా చేయవచ్చండి. ముందు పరీక్షల సంగతి చెబుతాను. సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. లైఫ్ సైన్సెస్ పేపరుకు 200 మార్కులు. అందులో సగం, అంటే 100 మార్కులు, పార్ట్ సీ నుంచే వస్తాయి. అక్కడ 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు కనుక, సిలబస్ మొత్తాన్ని పైపైన చదవడం కంటే నాలుగైదు యూనిట్లను లోతుగా చదవడం మేలు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. ఆ ఫెలోషిప్ మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి మీకు ఇవ్వడానికి గైడ్ తన ప్రాజెక్టు నిధులలో వెతుక్కోవలసిన అవసరం ఉండదు. నెట్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వారి బెట్ పరీక్ష, గేట్ కూడా రాయండి.

మీ విషయానికి సీసీఎంబీ (హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) పేరు ఒక్కటే చాలదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రోగులను చూసే వైద్యులు, ప్రయోగశాలలో పనిచేసేవారు ఒకే ఆవరణలో ఉంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో కంటి జీవరసాయన శాస్త్రంపైనా, మధుమేహం వల్ల వచ్చే శుక్లాలపైనా చాలాకాలం పని జరిగింది. ముందుగా ఈ రెండు చోట్ల నుంచి వచ్చిన పరిశోధనా పత్రాలు చదవండి.

సమాధానం – విశ్రాంత ఆచార్యుడు, విశాఖపట్నం

అమ్మా, నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూ కమిటీలలో కూర్చున్నాను కనుక ఇంకొక మాట చెబుతాను. చిన్న డిసర్టేషన్ అని మేము ఎవరినీ తక్కువ చేసి చూడలేదు. చేసిన పనిని విద్యార్థి ఎంత ఎరిగి చేశాడన్నదే చూశాము. మీ పనినే తీసుకుందాం. డీఎన్‌ఎస్ఏ కలిపి మరిగించాక వచ్చే నారింజ గోధుమ రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. మెంతుల ఎక్స్‌ట్రాక్ట్‌కు తన రంగు ఉంటుంది, అందులో రెడ్యూసింగ్ చక్కెరలూ ఉండవచ్చు. ఎంజైము వేయకుండా ఎక్స్‌ట్రాక్ట్‌తో మాత్రమే ఒక బ్లాంక్ (తీసివేయడానికి పెట్టే నమూనా) పెట్టారా? అమైలేజ్‌ను అడ్డుకునే మధుమేహ మందు అకార్బోజ్‌తో పోల్చారా? నేనైతే మొదట అడిగేవి ఈ రెండే.

రెండవది, అమైలేజ్ పేగులో జరిగే జీర్ణక్రియకు సంబంధించినది. మీ మనసులోని ప్రశ్న రెటీనాకు సంబంధించినది. ఈ రెంటి మధ్య దారి మీరే వేసుకోవాలి. కణంలో గ్లూకోజ్ మితిమీరినప్పుడు ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము దానిని సార్బిటాల్‌గా మారుస్తుంది, ఆ క్రమంలో ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువు ఖర్చవుతుంది. రెటీనా దెబ్బతినడానికి ఇది ఒక కారణం కావచ్చు. రెటీనా కేశనాళికలను అంటిపెట్టుకుని ఉండే పెరిసైట్లు అనే కణాలు మధుమేహంలో తొలిదశలోనే నశించడం మొదలవుతుంది. ఆల్డోజ్ రిడక్టేజ్‌ను పరీక్షించడానికి సెల్ కల్చర్ అక్కరలేదు. మాంసం కొట్టులో మేక కళ్లు అడిగి తెచ్చుకుని, కటకాలను (లెన్సులను) తీసి, మంచు మీద బఫరులో నూరి, సెంట్రిఫ్యూజ్ చేస్తే పైన తేరిన ద్రవంలో ఆ ఎంజైము ఉంటుంది. గ్లిసరాల్డిహైడ్‌ను సబ్‌స్ట్రేటుగా (ఎంజైము పనిచేసే పదార్థంగా) ఇచ్చి, 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ తగ్గుదలను నిమిష నిమిషానికి రాసుకోవచ్చు. మీ స్పెక్ట్రోఫోటోమీటరు అక్కడి వరకు కొలవగలిగితే అదే చాలు.

సమాధానం – పోస్ట్‌డాక్, బెంగళూరు

ఆచార్యులవారి మాటకు ఒక చిన్న చేర్పు. సంస్థ పేరు చూసి చేరిన నా మొదటి ప్రయోగశాలలో రెండేళ్లలో మూడుసార్లు నా ప్రాజెక్టు మారింది. చివరకు వదిలేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అందుకే చేరేముందు ఆ ప్రయోగశాలలోని విద్యార్థులతో విడిగా మాట్లాడి, ముందున్నవారికి పీహెచ్‌డీ ఎన్నేళ్లు పట్టిందో అడగండి. నెట్ ఆలస్యమైతే ప్రాజెక్టు అసోసియేటుగా చేరి సెల్ కల్చర్ నేర్చుకోండి, అప్పుడు ఆ ఏడాది వృథా కాదని ఇంట్లో కూడా చెప్పగలరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆచార్యులవారూ, అకార్బోజ్‌తో పోల్చాము కానీ ఎక్స్‌ట్రాక్ట్ బ్లాంక్ పెట్టలేదండి. డిసర్టేషన్ ఇవ్వడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి కనుక, మా మేడమ్ అనుమతి తీసుకుని సోమవారం నుంచి ఆ రీడింగులన్నీ మళ్లీ తీస్తాను. మా పరికరంలో యూవీ దీపం పనిచేస్తున్నదో లేదో కూడా అదే రోజు చూసి ఇక్కడ రాస్తాను.